గాజుపలకల మీది కొండసీమ

తెలుగుదేశమున ఒక గ్రామము యొక్క పూర్వచరిత్రను తెలిసికొనగోరువారికి దేవాలయములలోని శిలాశాసనములు గలవు. కరణముల ఇండ్లలో కవిలెకట్టలు గలవు. కాలిన్ మెకంజీ దొర కొరకు కావలి సోదరులు మొదలగువారు సేకరించిన కైఫీయతులు గలవు. ఏ చెరువు నెవరు త్రవ్వించిరో, ఏ గుడి నెవరు కట్టించిరో వానివలన కొంతవరకు తెలియవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కొలరాడో కొండలలో వెలసిన ఊళ్ల సంగతి అట్టిది కాదు. ఒక లోయలో వెండి దొరకినదను వార్త పుట్టగానే ఒక్క వేసవిలో అచ్చట ఊరు లేచెడిది. గని తరిగిపోగానే ఆ ఊరు కొన్ని ఏండ్లలో పాడుపడెడిది. దుంగలతో కట్టిన ఇండ్లు మంచుబరువునకు కూలిపోయెడివి. అట్టి ఊళ్లకు కరణము లేడు, కవిలెకట్ట లేదు. వాని కైఫీయతు చాలవరకు గాజుపలకల మీదనే మిగిలినది. ఆ పలకలను కంచరగాడిదల వీపులపై నెక్కించి కొండశిఖరములకు మోయించినవారిలో ముఖ్యుడు విలియం హెన్రీ జాక్సన్.

జాక్సన్ 1843వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి కీస్‌విల్ అను చిన్న ఊరిలో జన్మించెను. తల్లి నీటిరంగులతో బొమ్మలు వ్రాయుటలో నేర్పరి. కుమారునకు తొలి గురువు ఆమెయే. పదునైదేండ్ల ప్రాయముననే ఆతడు ట్రాయ్ నగరమందలి యొక ఛాయాచిత్రశాలలో పనికి కుదిరెను. ఆనాటి ఛాయాచిత్రములకు రంగులు లేవు. చిత్రములోని ముఖములకు కుంచెతో రంగు పూయుటయు, మచ్చలను కప్పిపుచ్చుటయు ఆ బాలుని పని. ఉన్న దానిని ఉన్నట్లు చూపు యంత్రము నొక చేతను, దానిని మెరుగుపరచు కుంచెను మరియొక చేతను పట్టుకొని ఆతడు జీవనము ప్రారంభించెనని చెప్పవచ్చును. ఈ రెండు చేతులును ఆతనిని కడవరకు విడువలేదు.

1862లో ఉత్తర దక్షిణ రాష్ట్రముల అంతర్యుద్ధము జరుగుచుండగా జాక్సన్ వెర్మాంటు పటాలములో సైనికుడుగా చేరెను. సైన్యమున ఆతని కెక్కువగా లభించినది బొమ్మలు గీయు పనియే. నియమితకాలము ముగియగానే తిరిగివచ్చి చిత్రశాలలో కుదురుకొనెను. 1866లో వివాహము నిశ్చయమైన కన్యతో మాటపట్టింపు వచ్చి, ఆ సంబంధము తప్పిపోయెను. మనసు విరిగిన ఆ యువకుడు ఊరు విడిచి పశ్చిమదిశగా పయనమయ్యెను. చేతిలో ధనము లేకపోవుటచే సరకుల బండ్లకు కట్టిన ఎడ్లను తోలు కూలివానిగా కుదిరెను. నెలల తరబడి ఎడ్లవెంట నడచి ఆ విశాలదేశమును కన్నులార చూచెను. కాలిఫోర్నియా వరకు పోయి, 1867లో గుఱ్ఱముల మంద నొకదానిని తోలుకొనుచు తిరిగివచ్చి, నెబ్రాస్కాలోని ఒమాహా నగరమున తమ్ముడు ఎడ్వర్డుతో కలిసి సొంత చిత్రశాల తెరచెను.

చిత్రశాలలో కూర్చుండి పెండ్లికొడుకుల ముఖములను తీయుట ఆతనికి రుచింపలేదు. 1869లో దేశము నీ కొన నుండి ఆ కొనకు కలుపు ఇనుపదారి పూర్తియయ్యెను. ఆ యేడే మాలీ గ్రీర్ అను యువతిని వివాహమాడిన జాక్సన్, చిత్రశాలను ఆమె కప్పగించి, రైలుదారి వెంట ఊరూర దిగుచు చిత్రములు తీసెను. ఆ చిత్రములు మరుసటి యేడు భూగర్భశాస్త్రజ్ఞుడైన ఫెర్డినాండ్ హేడన్ కంటబడెను. ప్రభుత్వము పక్షమున పశ్చిమ భూములను సర్వే చేయుచున్న హేడన్, తనతో రమ్మని జాక్సన్‌ను పిలిచెను. మొదటి యేడు జీతము లేదు. దారిఖర్చులు మాత్రము లభించును. తీసిన నెగటివులు తనవే యగును. జాక్సన్ వెంటనే అంగీకరించెను.

ఆ కాలమున ఛాయాచిత్రము తీయుట యెంత శ్రమతో కూడిన పనియో నేటివారు ఊహించుట కష్టము. ఫిల్ము చుట్టలు అప్పటికి లేవు. చిత్రము ఎంత కొలతకు కావలెనో అంత గాజుపలకను వెంట తీసికొనిపోవలెను. చిన్న చిత్రమును పెద్దదిగా చేయు సదుపాయము మిక్కిలి తక్కువ. చిత్రము తీయదలచిన తావుననే చీకటి గుడారము వేసి, పలకపై కలోడియన్ అను జిగురు ద్రవమును సమముగా పోసి, దానిని వెండి లవణపు నీటిలో ముంచవలెను. పలక తడియారకముందే కెమేరాలో నుంచి వెలుగు చూపవలెను. మరల తడియారకముందే గుడారములోనికి కొనిపోయి మందునీళ్లతో బొమ్మను తేల్చి, మంచినీటితో కడుగవలెను. ఒక్క చిత్రమునకు సాధారణముగా అరగంట పట్టెడిది. ధూళి యెగసినను, ఈగ వచ్చి వాలినను, నీరు చాలకున్నను పలక చెడిపోవును. ఈ సామగ్రినంతయు మోయుటకు జాక్సన్‌కు చెవులు కత్తిరింపబడిన బొద్దు కంచరగాడిద యొకటి యుండెను. చిత్రములను స్థిరపరచు మందు పేరనే దానికి హైపో అని పేరు పెట్టిరి.

1871లో హేడన్ బృందము ఎల్లోస్టోన్ ప్రాంతమునకు పోయెను. భూమినుండి వేడినీరు ఆకాశమునకు చిమ్మునను మాటను అంతవరకు పట్టణవాసులు కట్టుకథగా భావించుచుండిరి. జాక్సన్ తెచ్చిన చిత్రములు ఆ మాటకు సాక్ష్యము పలికెను. హేడన్ వానిని శాసనసభ్యులకు చూపెను. 1872 మార్చి 1వ తేదీన ఆ ప్రదేశము ప్రజలందరి యుద్యానవనముగా ప్రకటింపబడెను. చిత్రములే ఈ శాసనమును తెచ్చినవనుట అతిశయోక్తి. రైలు కంపెనీవారి ప్రోత్సాహమును దానికి తోడ్పడెను. ఇట్లు పేరు వచ్చిన యేడే జాక్సన్ యింట దుఃఖము ప్రవేశించెను. మాలీ ప్రసవసమయమున మరణించెను. శిశువు సయితము దక్కలేదు. మరుసటి యేడు ఆతడు ఎమిలీ పెయింటర్‌ను వివాహమాడెను.

1873 వేసవిలో హేడన్ సర్వే కొలరాడో కొండలలో ప్రవేశించెను. ఆ వేసవిలో జాక్సన్ 11 అంగుళముల వెడల్పును 14 అంగుళముల పొడవును గల పలకలను వాడుచుండెను. గిమ్లెట్ అను కంచరగాడిద యొకనాడు మూట జారవిడిచెను. ఎన్నో వారముల శ్రమఫలమైన పలకలు రాళ్లపై పడి పగిలిపోయెను. వలలో పడిన చేపలు తిరిగి నీటిపాలైనప్పుడు జాలరి చేయునదేమో జాక్సన్ అదియే చేసెను. వెనుకకు మరలి, ఎక్కిన కొండలనే మరల నెక్కి, వీలయిన చిత్రములను తిరిగి తీసెను.

ఆ కొండలలో ఒక శిఖరము ప్రక్కన మంచు శిలువ ఆకారమున నిలిచియుండునని చాలమంది చెప్పుకొనుచుండిరి. దూరమునుండి చూచితిమనువారు కొందరు. దగ్గరకు పోగా కనబడలేదనువారు కొందరు. ఆ శిఖరము ఎత్తు 14 వేల అడుగులు. దాని కెదురుగా నున్న 13 వేల అడుగుల కొండపైకి జాక్సన్, సహాయకు లిద్దరును కెమేరాను, పలకలను, మందులను మోసికొని యెక్కిరి. ఆ దారి కంచరగాడిదలకు సయితము ఎక్కరానిది. పైకి చేరగానే మేఘములు క్రమ్ముకొనెను. ఒక్క క్షణము తెర తొలగినట్లయి శిలువ కనబడి, మరల మరుగుపడెను. చీకటి పడుటచే వారు చెట్లు మొదలగు తావు వరకు దిగివచ్చి, తిండి లేక, కప్పుకొనుటకు కంబళ్లు లేక, నిప్పు చెంత రాత్రి గడపిరి. తెల్లవారగానే మరల నెక్కిరి. ఆగస్టు 24వ తేదీ ఉదయము ఆకాశము నిర్మలముగా నుండెను. అయినను పని వెంటనే సాగలేదు. పలకలను కడుగుటకు నీరు కావలెను. కొండపై నున్నదంతయు మంచు. ఎండ తగిలి ఆ మంచు కరగి నీటిచుక్కలు రాలువరకు జాక్సన్ వేచియుండవలసి వచ్చెను. తరువాత మధ్యాహ్నములోపల ఆతడు తీసిన చిత్రములలో మంచు శిలువ స్పష్టముగా పడినది.

హోలీ క్రాస్ పర్వతము అను పేర ఆ చిత్రము దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. లక్షలాది క్రైస్తవ గృహస్థులకు అది దైవము తన చేతితో వ్రాసిన గుర్తుగా కనబడెను. థామస్ మోరన్ ఆ పర్వతమును పెద్ద వర్ణచిత్రముగా రచించెను. కవి లాంగ్‌ఫెల్లో చనిపోయిన భార్యను తలచుకొని వ్రాసిన పద్య మొకదానిలో ఆ శిలువను పేర్కొనెను. జాక్సన్ మాత్రము తరువాతి ప్రతులలో శిలువ చేతులు మరింత తీరుగా కనబడునట్లు దిద్దెను. ట్రాయ్ నగరమున కుంచె పట్టిన బాలుడు ఇచ్చట మరల కనబడుచున్నాడు. ఇది ఆ కాలపు వ్యాపారమున తప్పుగా నెంచబడలేదు. కాని చిత్రమును చరిత్రకు సాక్ష్యముగా గొనువారు అమ్మకపు ప్రతితో తృప్తిపడక, మూలమైన పలక దాకా పోవలసియున్నదని ఈ సంగతి తెలుపుచున్నది. 1929లో ఆ పర్వతము జాతీయ స్మారకముగా ప్రకటింపబడి, 1950లో ఆ గౌరవమును కోల్పోయెను. రాళ్లు జారుటచే శిలువ యొక్క ఒక చేయి చెడినదని చెప్పుదురు.

1874లో ఆతడు నైరృతిదిక్కున సాన్ వాన్ పర్వతములకు పోయెను. అచ్చటి బేకర్ పార్కు అను లోయలో సిల్వర్టన్ అను ఊరు ఆ యేడే మొలచుచుండెను. ఆ లోయ ఇప్పుడు సాన్ వాన్ కౌంటీలో నున్నది. కౌంటీ యనగా మన తాలూకా వంటి పాలనాభాగము. అప్పటి చిత్రములలో గుడారములు, కొట్టివేసిన చెట్ల మొదళ్లు, కొత్తగా చెక్కిన దుంగలు, వానికి వెనుక ఇంకను గాయపడని కొండవాలులు కనబడును. జాక్సన్ చూపదలచినది పర్వతములను. మూలలయందు తమంత తాము వచ్చి చేరినవి ఊళ్లు. ఆ మూలలే తరువాతివారికి విలువైనవాయెను.

ఆ కొండలు జనశూన్యములు కావు. అవి యూట్ జాతివారి నేలలు. అదే యాత్రలో జాక్సన్ యూట్ నాయకుడు ఊరేను, ఆతని భార్య చిపీటాను చిత్రించెను. ఆ జాతివారిలో పెక్కుమంది కెమేరాకు ఎదురు నిలుచుట కిష్టపడలేదు. వారి భయము నిష్కారణమని అనుటకు వీలులేదు. సర్వేవారి పటముల వెంట గనులవారును, గనులవారి వెంట సైనికులును వచ్చిరి. 1881లో యూట్‌లలో చాలమందిని కొలరాడో పడమటి లోయలనుండి బలవంతముగా వెడలగొట్టిరి. తమ పూర్వచరిత్రను యూట్‌లు పెద్దల నోటినుండి విని నిలుపుకొనిరి. ఛాయాచిత్రములు వారి కథలో కడపటి ఘట్టమును మాత్రమే చూపుచున్నవి.

ఆ సెప్టెంబరులోనే గనుల పనివారు చెప్పిన ఆనవాళ్లను బట్టి జాక్సన్ మాన్‌కస్ లోయలో ప్రవేశించెను. నిట్టనిలువు కొండచరియలో, కొన్ని వందల అడుగుల ఎత్తున, పిట్టగూడు వలె రెండంతస్తుల రాతియిల్లు కనబడెను. సాయంసమయమున ప్రాకి అచ్చటికి చేరి, మరునాడు దానిని చిత్రించెను. మీసా వర్డీ ప్రాంతపు ప్రాచీన గృహముల మొట్టమొదటి ఛాయాచిత్రములివి. వానిలో కెల్ల పెద్దదైన శిథిలనగరము సమీపమున నున్నను ఆతని కంటబడలేదు. అది 1888లో పశువుల కాపరులకు కనబడెను. 1906లో ఆ ప్రాంతము జాతీయోద్యానవనమయ్యెను.

జాక్సన్ జీవితమున అన్నింటికంటె బాధాకరమైన ఓటమి 1877లో కలిగెను. గాజు బరువు నుండి విముక్తి కలిగించునని చెప్పబడిన కొత్తరకపు ఫిల్మును నమ్మి, ఆతడు న్యూమెక్సికోలోని చాకో లోయ శిథిలములకు పోయెను. తడిపలకల పాట్లు లేకపోవుటచే చురుకుగా నాలుగువందల చిత్రములు తీసెను. దారిలో ఒక్కదానిని తేల్చి చూచుకొనలేదు. ఇంటికి వచ్చి మందునీటిలో ముంచగా ఒక్కటియు బొమ్మ చూపలేదు. శిథిలములను కొలిచి గీసికొన్న పటములును, వ్రాసికొన్న వివరములును మాత్రము మిగిలెను. బరువైన గాజు పగిలినపుడు కొన్నియైనను దక్కినవి; తేలికయైన ఫిల్ము అన్నింటిని ఒక్కసారిగా తీసికొనిపోయినది.

1879లో హేడన్ సర్వే ముగియగా జాక్సన్ డెన్వర్ నగరమున చిత్రశాల నెలకొల్పెను. ఇప్పుడు రైలు కంపెనీలు ఆతనిని పిలిచెను. డెన్వర్ రియో గ్రాండ్ కంపెనీవారు కొండలలో మూడడుగుల వెడల్పు గల ఇనుపదారులు వేయుచుండిరి. ప్రయాణికులను ఆకర్షించుటకు వారికి చిత్రములు కావలెను. ఆతనికై ప్రత్యేకముగా ఒక రైలుపెట్టె నిచ్చిరి. 1882లో సిల్వర్టన్‌కు రైలు చేరెను. ఎనిమిదేండ్ల క్రిందట కంచరగాడిదపై వచ్చిన ఛాయాగ్రాహకుడు ఇప్పుడు రైలులో వచ్చి అనిమస్ లోయను చిత్రించెను. లెడ్‌విల్, యూరే, జార్జిటౌన్ మొదలగు గనుల పట్టణముల వీధులు, అంగళ్లు, పొగగొట్టములు ఆతని పలకల కెక్కెను. కొండలపై అడవి నరికివేయబడి మొదళ్లు మాత్రము నిలిచిన దృశ్యములును వానిలో గలవు. చిత్రములు రైలు టిక్కెట్లు అమ్ముటకై తీయబడినవి. అందుచే గనులలో మరణించిన కూలివారు, చలికాలపు ఆకలి వానిలో కానరావు. ఈ లోపమును మరువరాదు.

1893లో వెండి ధర పడిపోయెను. గనులు మూతపడి డెన్వర్ వర్తకులతో బాటు జాక్సన్‌ను దెబ్బతినెను. మరుసటి యేడు రవాణా సాధనములను పరిశీలించుటకై లోకము చుట్టి రాబోవు సంఘ మొకదానిలో ఆతడు ఛాయాగ్రాహకుడుగా చేరెను. 1895లో వారు భారతదేశమునకు వచ్చిరి. ఇచ్చటి రైళ్లు, వంతెనలు, బండ్లు, జనసమూహములు ఆతని కెమేరాకు చిక్కెను. శీతకాలమున మంచుబండిపై సైబీరియా దాటి, 1896లో ఇల్లు చేరెను. చేరునప్పటికి అప్పులు పెరిగియుండెను. 1897లో డెట్రాయిట్ నగరమందలి ఛాయాచిత్రముల కంపెనీలో భాగస్తుడై, తన నెగటివులను వేలకొలదిగా ఆ కంపెనీపరము చేసెను. అచ్చట నలుపు తెలుపు చిత్రములకు రాతిముద్రణచే రంగులు కూర్చి, పోస్టుకార్డులుగా లక్షలకొలది అచ్చువేయుచుండిరి.

1924లో ఆ కంపెనీ దివాలా తీసెను. పలకలు గిడ్డంగులలో పడియుండెను. పాతపలకల పైపొరను గీకివేసి, ఒట్టి గాజుగా అమ్ముట ఆ కాలమున వింత కాదు. గాజుకు వెల గలదు, బొమ్మకు వెల లేదను రోజులవి. జాక్సన్ పలకల కట్టి గతి పట్టలేదు. 1936 ప్రాంతమున మోటారుకార్ల నిర్మాత హెన్రీ ఫోర్డు స్థాపించిన ఎడిసన్ సంస్థ వానిని గైకొనెను. ఎనుబదేండ్లు దాటిన జాక్సన్ ఈ కాలమున ఊరక కూర్చుండలేదు. మరల కుంచె పట్టి, యౌవనమున తాను ఎడ్లవెంట నడచిన దారులను నీటిరంగులతో చిత్రించెను. 1936లో ప్రభుత్వము వారి కోరికపై పాత సర్వే బృందముల గోడచిత్రములు వ్రాసెను. 1940లో ఆత్మకథ ప్రకటించెను. 1942 జూన్ 30వ తేదీన తొంబదితొమ్మిదేండ్ల వయసున న్యూయార్కులో మరణించెను. అంతర్యుద్ధ సైనికుడగుటచే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానమున ఆతనిని ఖననము చేసిరి.

1949లో ఎడిసన్ సంస్థవారు పలకలను పంచియిచ్చిరి. మిసిసిపీ నదికి పడమటి దిక్కు చిత్రములు కొలరాడో చరిత్రసంఘమునకు చేరెను. తక్కినవి వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమునకు పోయెను. ఇట్లు కొండసీమ బొమ్మలు దాదాపు అర్ధశతాబ్దము పరదేశవాసము చేసి, తమ కొండల చెంతకు తిరిగివచ్చెను.

1977 మొదలు 1979 వరకు కొందరు యువ ఛాయాగ్రాహకులు ఆ చిత్రముల ప్రతులను చేతబట్టుకొని, జాక్సన్ మొదలగువారు కెమేరా నిలిపిన తావులను వెదకిరి. దగ్గరి రాయి, దూరపు శిఖరము ఏ కోణమున కలియుచున్నవో చూచి తావును, నీడల పొడవును బట్టి దినమును, గంటను కనుగొనిరి. ఇట్లు నూరింటికి పైగా తావులలో మరల చిత్రములు తీసిరి. 1999లో జాన్ ఫీల్డర్ అను కొలరాడో ఛాయాగ్రాహకుడు జాక్సన్ చిత్రములను, అవే తావులనుండి తాను తీసిన చిత్రములను ప్రక్కప్రక్కన ముద్రించి గ్రంథము వెలువరించెను. కొన్ని ఊళ్లు పట్టణములైనవి. కొన్ని ఊళ్లున్న చోట గడ్డి మొలచినది. గనులవారు నరికిన వాలులపై అడవి తిరిగి వచ్చినది.

సాన్ వాన్ కౌంటీలో 1991లో సన్నీసైడ్ అను పెద్ద గని మూతపడెను. 2020 జనాభా లెక్కలలో ఆ కౌంటీవాసులు 705 మంది మాత్రమే. చిన్నరైలు ఇంకను వేసవిలో యాత్రికులతో అనిమస్ లోయ నెక్కుచున్నది. జాక్సన్ కెమేరా నిలిపిన తావులు కొన్ని నేటికిని రాయి రాయిగా గుర్తింప వీలుగా నున్నవి. మరికొన్నింట ఎదుట చెట్లు దట్టముగా పెరిగి, ఆతడు చిత్రించిన కొండ కానరాకున్నది. దానిని చూడగోరువారు కొన్ని అడుగులు ప్రక్కకు జరుగవలెను.